బిళ్ళను చదవడం వస్తే బేరం మనదే!

"మీ ఇంట్లో వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం ఉందా? అయితే పది లక్షలు మీవే!"

ఈ వీడియో మీ ఫోన్‌కి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. మా ఫ్యామిలీ గ్రూపులో అయితే నెలకోసారి తప్పదు. పంపేది మా పెదనాన్న. కింద నన్ను ట్యాగ్ చేసి, "ఒరే, నీకు వీటి సంగతి తెలుసు కదా, ఇది నిజమేనా?" అని అడుగుతాడు.

నిజం కాదు పెదనాన్నా. ఆ నాణెం 2012లో వచ్చింది. నిన్నగాక మొన్న నాకు టీ కొట్టులో చిల్లరగా కూడా దొరికింది.

అయితే, పాత నాణేల్లో విలువైనవి లేవని కాదు. ఉన్నాయి. అవి మన శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లోనే, ఉండాల్సిన ధరలో సగానికీ పావుకీ దొరుకుతున్నాయి కూడా. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారమంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను, ఆదివారం వస్తే బైక్ తీసి పాత సామాన్ల కొట్ల మీద పడతాను. ఏడేళ్లుగా ఇదే పని. ఇన్నాళ్లలో నాకు అర్థమైంది ఒకటే. చౌక బేరం అదృష్టం కొద్దీ దొరికేది కాదు. అమ్మేవాడు చదవని అక్షరం మనం చదివినప్పుడు దొరికేది. ఆ చదువు ఎలాగో, దాంతోపాటు వచ్చే బాధ్యత ఏమిటో చెప్తాను.

ముందు ఆ లక్షల సంగతి

విజయనగరం వాళ్లకి గిరీశాన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఆయన చేతికి స్మార్ట్‌ఫోన్ ఇస్తే ఎలా ఉంటుందో ఈ వీడియోల ముఠాలు అలా ఉంటాయి. మీరు నాణెం ఫొటో పంపుతారు. ఐదు నిమిషాల్లో "సార్, మీది పన్నెండు లక్షలకి ఓకే అయింది" అని జవాబు వస్తుంది. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు రెండు వేలు. ఆ తర్వాత జీఎస్టీ. ఆ తర్వాత "రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్". మీరు కడుతూనే ఉంటారు, లక్షలు మాత్రం "రేపు పొద్దున్నే" వస్తాయి.

రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 4న దీని మీద ప్రకటనే ఇచ్చింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకి సంబంధం లేదని, వాటి కోసం ఎవరి దగ్గరా ఫీజు, కమీషన్ తీసుకోమని, తమ పేరు వాడి వసూలు చేసే హక్కు ఎవరికీ ఇవ్వలేదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఒక్క గీత గుర్తుంటే చాలు: కొనేవాడు మనకి డబ్బివ్వాలి, మనం వాడికి ఇవ్వకూడదు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

మన వైపు ఇంకో రెండు మోసాలున్నాయి. ఒకటి "రైస్ పుల్లర్". బియ్యం గింజల్ని లాగేస్తుందట, కోట్లు పలుకుతుందట! అలాంటి నాణెం ఈ భూమ్మీద లేదు. రెండోది జాతరల్లో గోనెపట్టా మీద పరిచి అమ్మే "రామ దర్బారు" బిళ్ళలు. ఒకవైపు సీతారాములో హనుమంతుడో, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818, అరణా అని ఉంటుంది. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ కొట్టలేదు. దేవుడి బిళ్ళగా పూజ గదిలో పెట్టుకుంటానంటే మీ ఇష్టం. నాణెం అనుకుని మాత్రం కొనకండి.

మరి అసలు చౌక ఎక్కడుంది?

పాత సామాన్ల కొట్టువాడు నాణేన్ని తూకంతో చూస్తాడు. వెండి కొట్టువాడు వెండితో చూస్తాడు. ఫుట్‌పాత్ మీద అమ్మేవాడు తళతళ చూసి రేటు చెప్తాడు. సేకరించేవాడు చూసేవి వేరే: ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఎంత అరిగింది, ఎన్ని మిగిలాయి. ఈ రెండు చూపుల మధ్య తేడాలోనే మన బేరం ఉంటుంది.

నేను తిరిగే చోట్లు నాలుగు రకాలు.

మొదటిది పాత ఇత్తడి, రాగి కొనే కొట్లు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు, అటకలు దులిపినప్పుడు చెంబులతోపాటు డబ్బాడు చిల్లర కూడా ఇక్కడికే చేరుతుంది. రెండోది వెండి కొట్లు. పెళ్లిళ్ల సీజన్‌కి ముందు పాత రూపాయలు ఇచ్చి పట్టీలు చేయించుకునేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. కరిగించే ముందు ఒక్కసారి చూడనిస్తారా అని అడిగితే చాలామంది కాదనరు. మూడోది సంతలు, జాతరలు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి లాంటి రోజుల్లో రోడ్డు పక్కన పాత బిళ్ళలు అమ్మేవాళ్లు కనబడతారు. పదింట తొమ్మిది నకిలీలే. ఆ పదోదాని కోసమే ఓపిక కావాలి.

నాలుగోది ఎవరూ పట్టించుకోని చోటు. బ్యాంకు! మన వైపు చాలా కొట్లలో పది రూపాయల బిళ్ళ ఇస్తే "ఇవి చెల్లవండీ" అంటారు. 2018 జనవరిలోనే రిజర్వ్ బ్యాంక్ పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని చెప్పింది. ఎవరు వింటారు? ఆ భయం మనకి లాభం. బ్యాంకులో అడిగితే వెయ్యి రూపాయలకి వంద పది రూపాయల నాణేలు ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చి తిరగేయండి. హోమీ భాభా, రిజర్వ్ బ్యాంక్ 75 ఏళ్లు, పార్లమెంటు 60 ఏళ్లు, అంబేడ్కర్ 125వ జయంతి, యోగా దినోత్సవం... ఒక్కోటి పది రూపాయలకే మీ చేతిలో ఉంటుంది. మిగిలినవి మళ్లీ బ్యాంకులో వేసెయ్యొచ్చు. పైసా నష్టం లేని మొదటి పాఠం ఇది. ఎవరైనా అడిగితే నేను మొదట ఇక్కడే మొదలుపెట్టమంటాను.

నాణెం మీద తెలుగు

ఇప్పుడు మన నోటు మీద భాషల పట్టీలో తెలుగు ఉంది. నాణెం మీద లేదు. కానీ ఒకప్పుడు ఉండేదని మీకు తెలుసా?

ఐదో జార్జి కాలం నాటి పూల అంచు అణా బిళ్ళ ఎక్కడైనా దొరికితే తిప్పి చూడండి. అంకె చుట్టూ ఉర్దూ, బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు అక్షరాలు కనబడతాయి. నలుచదరపు బేడ బిళ్ళ మీదా అంతే. మా అమ్మ మొదటిసారి చూసి, "అరే, ఇంగ్లిషోడి బిళ్ళ మీద తెలుగేటి?" అని కళ్లజోడు తెచ్చుకుంది.

ఈ అణాలు లక్షల్లో కొట్టినవే. పాతిక, యాభై రూపాయలకి దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి కొనుగోలు లేదు. ఇదే కుటుంబంలో ఒక అరుదైన చుట్టం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల వెండి కరువొచ్చి, 1919లో పావలా, అర్ధరూపాయి బిళ్ళల్ని కూడా రాగి-నికెల్ మిశ్రమంతో కొట్టారు. ఆ ఎనిమిది అణాల బిళ్ళకి దొంగ నాణేలు పుట్టుకురావడంతో రెండేళ్లకే ఆపేశారు. 1919 లేదా 1920 అని వేసి, గుండ్రంగా, తెలుగులో కూడా విలువ రాసి ఉన్న ఎనిమిది అణాల బిళ్ళ కనబడిందా? బేరం కూడా ఆడకండి. నాకు ఒకటి దొరికింది, ఆమదాలవలస వైపు ఒక కొట్టులో, "ఏదైనా ఇరవై" అని రాసిన ప్లాస్టిక్ డబ్బాలో. వెండి కాదు కాబట్టి వాళ్లు దాన్ని వేరు చెయ్యలేదు.

1794: పద్మనాభం ఏడాది బిళ్ళ

నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైంది ఖరీదైనది కాదు. నల్లబడి, ఒక అంచు అరిగిపోయిన రాగి బిళ్ళ. విజయనగరంలో ఒక పాత సామాన్ల కొట్టులో యాభై రూపాయలకి కొన్నాను. ఒకవైపు కంపెనీ వాళ్ల సింహాల చిహ్నం. రెండోవైపు హృదయాకారపు వ్యాపార ముద్ర, చుట్టూ ఇంగ్లిషులో "ఒక రూపాయికి 48" అని అర్థం వచ్చే మాటలు, సంవత్సరం 1794.

ఇది ప్రత్యేకంగా మన ప్రాంతం కోసం కొట్టిన నాణెం. అప్పట్లో శ్రీకాకుళం నుంచి కిందికి ఉన్న కోస్తా జిల్లాల్ని ఉత్తర సర్కారులు అనేవారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఇక్కడ చెలామణీ కోసం ఈ రాగి బిళ్ళల్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, సోహో టంకశాలలో కొట్టించి ఓడల్లో తెప్పించింది. ఆ టంకశాల యజమాని మాథ్యూ బౌల్టన్. ఆయన భాగస్వామి ఎవరో తెలుసా? ఇంజినీరింగ్ చదివినవాళ్లంతా మొదటి ఏడాదే పేరు విన్న జేమ్స్ వాట్. ఆవిరి యంత్రంతో నాణేలు కొట్టిన తొలి టంకశాలల్లో అదొకటి. అందుకే రెండు వందల ఏళ్లు దాటినా దాని గుండ్రం, అంచు అంత లెక్కగా ఉంటాయి. 1797 అని వేసినవీ ఉన్నాయి. ఇందులో సగం విలువ బిళ్ళ మీద "రూపాయికి 96" అని ఉంటుంది.

ఇక ఆ సంవత్సరం సంగతి. 1794 జూలై 10న, విజయనగరానికీ భీమిలికీ మధ్య ఉన్న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయారు. గొడవ మొదలైంది డబ్బు దగ్గరే. కంపెనీ పేష్కష్ బకాయిలు కట్టమంది, ఆయన దగ్గర అంత లేదు, ఉన్నా ఇవ్వదల్చుకోలేదు. రాజు దగ్గర బకాయి లెక్క తేల్చిన ఏడాదే, ఆ రాజ్యంలో ప్రజల చేతుల్లో తిరగాల్సిన చిల్లర మీద ముద్ర పడింది. నేను స్కూల్లో పద్మనాభ యుద్ధం రెండు మార్కుల ప్రశ్నగా చదివాను. ఈ బిళ్ళ చేతిలో పెట్టుకున్నాకే దాని బరువు తెలిసింది.

ఇంకో ముచ్చట. ఈ రకం రాగి నాణేన్ని ఇంగ్లిషువాళ్లు "డబ్" అని రాసుకున్నారు. అది మన తెలుగు మాటే, డబ్బు! బ్రౌన్ నిఘంటువు చూడండి, డబ్బు అంటే ముందు ఒక రాగి నాణెం, తర్వాతే ధనం. మనం యూపీఐలో పంపుకునే "డబ్బులు" ఒకప్పుడు ఇలాంటి నల్ల బిళ్ళలే.

నాది బాగా అరిగింది కాబట్టి అమ్మితే కొన్ని వందలు వస్తాయంతే. అక్షరాలు స్పష్టంగా, అసలు రంగు మిగిలి ఉన్నవి అయితే వేలంలో ఎన్నో రెట్లు పలుకుతాయి. తూకంలో వేస్తే మాత్రం రెండూ ఒకే రాగి. మన జిల్లాల కోసమే కొట్టిన నాణేలు మన జిల్లాల్లోనే కొలిమిలోకి పోతున్నాయంటే, అది వాటిని చదివేవాళ్లు లేకే.

వెండి రూపాయి లెక్క

ఇది అందరికీ పనికొచ్చే భాగం, సేకరణ అలవాటు లేకపోయినా.

బ్రిటిష్ వాళ్ల పాత రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. 1835 నుంచి 1939 దాకా అందులో వెండి 91.7 శాతం. అంటే ఒక్కో బిళ్ళలో సుమారు 10.69 గ్రాముల వెండి. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1940 నుంచి దాన్ని 50 శాతానికి దించేశారు. అంటే 5.83 గ్రాములు. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది.

చూడ్డానికి 1939, 1940 రూపాయిలు అన్నదమ్ముల్లా ఉంటాయి. వెండిలో మాత్రం ఒకటి ఇంకోదానికి దాదాపు రెట్టింపు.

నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో మా స్నేహితుడి మామ్మ మూటలోంచి తొమ్మిది రూపాయలు తీసి నా ముందు పోసింది. "ఏటి బావూ, మా అత్త ఇచ్చిన బిళ్ళలివి. మొన్న కొట్టుకాడ అడిగితే పాత ఎండి, తరుగు ఎక్కువ, మొత్తం ఐదేలు ఇస్తానన్నాడు. ఇచ్చీమంటావా?" అని అడిగింది.

ఆరు 1939కి ముందువి, మూడు నలభైల్లోవి. ఆవిడ ముందే ఫోన్ తీసి లెక్క వేశాను. ఆరింట్లో 64.14 గ్రాములు, మూడింట్లో 17.49 గ్రాములు, మొత్తం 81.63 గ్రాముల అసలు వెండి. లెక్క సులువు కోసం గ్రాము వంద అనుకున్నా ఎనిమిది వేల పైమాటే. ఆ రోజు ధర అంతకంటే ఎక్కువే ఉంది. ఇప్పుడు మీరు లెక్క కడితే ఆ రోజు వెండి రేటుతో గుణించండి, కొట్టువాడి కరిగింపు ఖర్చు కొంచెం తీసెయ్యండి. అంతకంటే కిందికి దిగక్కర్లేదు.

ఆ తొమ్మిదిలో ఒకటి 1911ది. ఐదో జార్జి మొదటి ఏడాది రూపాయి. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కితే అది పందిలా ఉందని గొడవ జరిగింది. దాంతో ఆ నాణేల్ని వెనక్కి తీసుకుని, 1912కి బొమ్మ మార్చారు. సేకరించేవాళ్లు ముద్దుగా "పంది రూపాయి" అంటారు. దాని ధర వెండి లెక్కలో ఉండదు. ఆ సంగతి మామ్మకి చెప్పాను. "పందా? రాజుగారి మీదా?" అని పడీపడీ నవ్వి, మిగతావి తర్వాత అమ్ముతాను గానీ దీన్ని మాత్రం మనవరాలికి ఇస్తానంది.

పాతదైతే అరుదు కాదు

కొత్తవాళ్లంతా పడే గుంట ఇది. "అబ్బో, 1862 విక్టోరియా రాణి, నూట అరవై ఏళ్ల నాటిది!" అని ఎవరైనా రేటు పెంచితే కంగారు పడకండి. 1862 తర్వాత చాలా ఏళ్లపాటు అదే సంవత్సరం వేసి రూపాయిలు కొడుతూ పోయారు. కాబట్టి 1862 రూపాయిలు కొల్లలు. చుక్కల తేడాల్ని బట్టి రకాలుంటాయి, అది పెద్ద చదువు.

దానికి ఎదురుగా 1939 బొంబాయి రూపాయిని చూడండి. వయసులో చిన్నది, దొరకడం చాలా కష్టం. అందుకే దానికి నకిలీలు కుప్పలు. వేరే ఏడాది అంకె చెక్కి 1939 చేసినవి కూడా ఉంటాయి. వీధిలో "1939" అని ఎవరైనా చూపిస్తే అది నకిలీ అనుకునే మొదలుపెట్టండి.

స్వతంత్ర భారతం నాణేల్లో చూడాల్సింది సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. డైమండ్ ఉంటే ముంబయి. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్. చిన్న చుక్క ఉంటే నోయిడా. ఒకే ఏడాది ఒక టంకశాలలో కోట్లు కొట్టి, ఇంకో చోట కొన్నే కొట్టిన సందర్భాలుంటాయి. అప్పుడు ఆ చిన్న నక్షత్రమే ధర తేలుస్తుంది. చిల్లర చాలక విదేశాల్లో కొట్టించిన నాణేలూ ఉన్నాయి. 1985 రూపాయి మీద "హెచ్" అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది. ఇవి ఖరీదైనవి కావు గానీ, వెతకడం నేర్పే మాస్టార్లు.

1969లో గాంధీజీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెం కూడా గుర్తుంచుకోండి. 15 గ్రాముల్లో 80 శాతం, అంటే 12 గ్రాములు వెండి. ఇంట్లో పెద్దవాళ్లు "పది రూపాయల బిళ్ళ" అని పిల్లల హుండీలో వేసేసినవి నేను చూశాను.

ఇక ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. 35 గ్రాముల్లో సగం వెండి. టంకశాల దాన్ని అమ్మిందే వేలల్లో. అభిమానంతో కొన్నవాళ్లకి దండం. కానీ ఇలాంటి కొత్త స్మారక నాణేలు బేరం కిందికి రావు. అందరూ పెట్టెతో సహా దాచుకున్నది అరుదెలా అవుతుంది?

మన ఇళ్లలో ఇంకో రకం నిధి ఉంటుంది, రంగం పెట్టె. తాత ముత్తాతలు కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ పెట్టెల్లో యుద్ధకాలంలో జపాన్ వాళ్లు బర్మా కోసం ముద్రించిన రూపాయి నోట్లు తరచుగా కనబడతాయి. అవి చౌకైనవే, తక్కువకే దొరుకుతాయి. అయినా అమ్మకండి. 1942లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన తాత జేబులో మిగిలిన కాగితం అది.

కొనే ముందు, కొన్న తర్వాత

నా జేబులో ఉండేవి మూడు: పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, చిన్న అయస్కాంతం, వందో వంతు గ్రాము దాకా చూపించే జేబు త్రాసు. అన్నీ కలిపి ఒక పిజ్జా, సినిమా టికెట్ ఖర్చు.

వెండి మీద అనుమానం వస్తే ఆర్కిమెడిస్‌ని పిలవండి. త్రాసు మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చెయ్యండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో ముంచండి. అప్పుడు కనబడే అంకెతో నాణెం బరువుని భాగించండి. 11.66 గ్రాముల పాత రూపాయికి నీళ్లలో దాదాపు 1.13 చూపిస్తుంది. భాగిస్తే 10.3. నలభైల నాటి సగం వెండి రూపాయికి తొమ్మిదిన్నర దగ్గర వస్తుంది. తొమ్మిది లోపు వచ్చిందంటే అది వెండి రూపాయి కాదు.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టిన రేటు చూడకండి, అమ్ముడైన రేటు చూడండి. ఎవరైనా ఆన్‌లైన్‌లో పావలాకి లక్ష అని పెట్టొచ్చు. ముంబయి తోడీవాలా, బెంగళూరు మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు ఫోన్లోనే చూడొచ్చు. రకం గుర్తుపట్టడానికి నూమిస్టా అనే ఉచిత కేటలాగ్ ఉంది.

కొన్నాక మాత్రం దయచేసి తొమకకండి! చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. వందేళ్లుగా పట్టిన ఆ నలుపే నాణేనికి వయసు పత్రం. తోమిన మరుక్షణం సేకరించేవాళ్ల దగ్గర ధర సగానికి పడిపోతుంది. మెళ్లో వేసుకోవడానికి చెవి అతికించిన రూపాయిలదీ అదే పరిస్థితి, వాటికి వెండి ధరే దక్కుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే పచ్చగా పాచి పడుతుంది. మనది సముద్రపు గాలి. కాగితం హోల్డర్లు, డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం, అంతే.

ఏది బేరం, ఏది మోసం?

నాకు తెలిసి ఈ అలవాటులో అసలైన ప్రశ్న ఇదే. అమ్మేవాడికి తెలియనిది మనకి తెలుసు కాబట్టే లాభం వస్తోంది. అలాంటప్పుడు ఎవరి దగ్గర తీసుకుంటున్నామో చూసుకోవాలి కదా.

నేను పెట్టుకున్న నియమం చిన్నది. కొట్టు పెట్టుకున్నవాడి దగ్గర బేరం ఆడతాను. చదవడం అతని పని కూడా, మొత్తం డబ్బా మీద అతను ఇప్పటికే లాభం చూసుకున్నాడు. ఇంటికి వెళ్లి ఒక మామ్మ దగ్గరో, సీతంపేట వైపు గిరిజన గూడెంలో మెడలోంచి దండ తీసి ఇచ్చే మనిషి దగ్గరో అయితే, ముందు విలువ చెప్తాను, తర్వాతే కొంటానో లేదో చెప్తాను. అలా చెప్పి కొన్ని వదులుకున్నాను కూడా. ఇందులో పుణ్యం ఏమీ లేదు. ఆ ఊరికి మళ్లీ వెళ్లాలంటే తలెత్తుకుని వెళ్లాలి, అంతే.

చట్టం కూడా తెలుసుకోండి. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలపాలని 1878 నాటి చట్టం చెప్తోంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ఒకప్పటి కళింగ గంగరాజుల రాజధాని అంటారు. వాళ్ల బంగారు ఫణాలు వేలి గోరంత ఉంటాయి, ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు అంకుశం, పాలన ఏడు. "ముఖలింగం పొలంలో దొరికింది సార్" అని ఎవరైనా రహస్యంగా చూపిస్తే రెండే మాటలు. నకిలీ అయితే మీ డబ్బు పోతుంది, అసలైతే మీరు కేసులో ఉంటారు. అలాగే వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. కువైట్‌లో ఉన్న బావకి బహుమతి అని కొరియర్‌లో పెట్టకండి.

ఈ ఆదివారం ఏం చెయ్యొచ్చు?

ఖర్చు లేకుండా మొదలుపెట్టండి. అమ్మని అడిగి పూజ గది డబ్బా, అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దింపండి. ఒక్కో బిళ్ళ మీద సంవత్సరం, దాని కింద గుర్తు చదివి ఫోన్లో రాసుకోండి. ఇంట్లో ఎవరైనా పాత రూపాయిలు కరిగించి పట్టీలు చేయిద్దామంటే ఒక్క గంట ఆగమని, పైన చెప్పిన లెక్క వేసి చూపించండి. అందులో ఒక 1911 ఉన్నా, ఒక రాగి "డబ్బు" ఉన్నా ఆ గంట వృథా కాదు.

ఇంకొక్క పని. హోల్డర్ మీద నాణెం పేరు, కొన్న ధర అందరూ రాస్తారు. మీరు దాంతోపాటు ఏ ఊళ్లో దొరికింది, ఎవరింటి మూటలోది అన్నది కూడా రాయండి. 1794 బిళ్ళలు ఇంకా చాలా చోట్ల దొరకొచ్చు. కానీ ఫలానా బిళ్ళ రెండు వందల ఏళ్లు మన ఊళ్లోనే తిరిగిందని చెప్పే కాగితం ముక్క మాత్రం మీరు రాస్తేనే ఉంటుంది.